కీ ఫైళ్ల బెడద లేని గేట్‌వే: క్లౌడ్ రన్‌తో మా అనుభవం

మా సర్వీసులన్నీ గూగుల్ క్లౌడ్ రన్‌లో (సర్వర్ల బాధ్యత గూగుల్‌కే వదిలేసి మన ప్రోగ్రాములు నడుపుకునే సేవ) ఉంటాయి. బయటివాళ్లు వాటిని నేరుగా పిలవకుండా మూసేసి, ముందు గూగుల్ ఏపీఐ గేట్‌వే (బయటి రిక్వెస్ట్‌లు దాటి రావాల్సిన ద్వారం) పెట్టి చాలాకాలంగా నడుపుతున్నాం. ఇందులో నాకు బాగా నచ్చింది ఒక్కటే: కోడ్‌లో పాస్‌వర్డ్ లేదు, సర్వర్‌లో కీ ఫైల్ (గుర్తింపు రుజువు చేసే రహస్య ఫైల్) లేదు.

గేట్‌వేకి ఒక సర్వీస్ అకౌంట్ (మనిషికి కాకుండా ప్రోగ్రామ్‌కి ఇచ్చే ఖాతా) కేటాయించి, దానికి క్లౌడ్ రన్ ఇన్వోకర్ రోల్, అంటే సర్వీసును పిలిచే అనుమతి, ఇస్తే చాలు. రిక్వెస్ట్‌ను లోపలికి పంపేటప్పుడు గేట్‌వే ఆ అకౌంట్ తరఫున గూగుల్ సంతకం చేసిన ఐడీ టోకెన్ (పిలిచేది ఎవరో చెప్పే డిజిటల్ గుర్తింపు చీటీ) జత చేస్తుంది. క్లౌడ్ రన్ దాని సంతకం, గడువు, ఆడియన్స్ (ఆ టోకెన్ ఏ సర్వీసు కోసమో చెప్పే అడ్రస్) చూశాకే రానిస్తుంది. టోకెన్ ఆయుష్షు గంట. అదే సర్వీస్ అకౌంట్ కీ ఫైల్ అయితే, మనం ప్రత్యేకంగా గడువు పెడితే తప్ప, తనంతట తాను చెల్లకుండా పోదు. అది ఎవరి లాప్‌టాప్‌లో మిగిలిపోయిందో అన్న టెన్షన్ ఇప్పుడు లేదు.

కొత్తగా పెట్టేవాళ్లకు ఎక్కువగా తలనొప్పి తెచ్చేది ఆడియన్స్. ఓపెన్ఏపీఐ ఫైల్‌లో (ఏ రిక్వెస్ట్ ఎక్కడికి వెళ్లాలో గేట్‌వేకి చెప్పే ఫైల్) విడిగా రాయకపోతే బ్యాకెండ్ అడ్రస్సే, అంటే లోపలి సర్వీసు అడ్రస్సే, ఆడియన్స్ అయిపోతుంది. అక్కడ సొంత డొమైన్ ఇచ్చి ఉండి, దాన్ని క్లౌడ్ రన్ సర్వీసులో కస్టమ్ ఆడియన్స్‌గా చేర్చకపోతే, సర్వీసుకు వచ్చిన రన్.యాప్ యూఆర్ఎల్‌ను ఆడియన్స్‌గా రాయాల్సిందే. 401 ఎర్రర్ (గుర్తింపు చెల్లలేదు) వస్తే ముందు ఆడియన్స్ చూడండి. టోకెన్ సరిగ్గానే ఉండి 403 ఎర్రర్ (అనుమతి లేదు) వస్తే ఇన్వోకర్ రోల్ చూడండి.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే ఆథరైజేషన్ హెడర్‌లో (టోకెన్ ఉంచే చోటు) గేట్‌వే తన టోకెన్ పెట్టేస్తుంది. యూజర్ పంపిన టోకెన్ ఎక్స్-ఫార్వర్డెడ్-ఆథరైజేషన్ అనే మరో హెడర్‌లోకి మారుతుంది. పాత కోడ్‌ను అలాగే వదిలేస్తే, టోకెన్ విప్పి చూసినప్పుడు యూజర్ బదులు సర్వీస్ అకౌంటే కనిపిస్తుంది. పైగా ఈ కొత్త హెడర్‌ను ఎవరైనా సొంతంగా తయారుచేసి పంపొచ్చు. సర్వీస్ తలుపు గేట్‌వేకి మాత్రమే తెరిచి ఉంటేనే దాన్ని నమ్మాలి. టెస్టింగ్ కోసమని అందరికీ అనుమతి ఇచ్చి, తర్వాత తీయకపోతే ఈ ఏర్పాటంతా వృథా.

ఆ ఓపెన్ఏపీఐ ఫైల్ నుంచి తయారయ్యే గేట్‌వే కాన్ఫిగ్‌ను ఒకసారి తయారుచేశాక మార్చలేం. ఒక్క లైన్ మారినా కొత్తది సృష్టించి గేట్‌వేకి తగిలించాలి. రోజూ రూట్లు (ఏ అడ్రస్ ఏ సర్వీసుకు వెళ్లాలనే దారులు) మార్చే టీమ్‌కి ఇది విసుగే. మా రూట్లు అరుదుగా మారతాయి కాబట్టి సర్దుకున్నాం.

ఈ ఏర్పాటు పెట్టాలనుకుంటే గూగుల్ ముందే ఇచ్చే డీఫాల్ట్ సర్వీస్ అకౌంట్ జోలికి పోకండి. గేట్‌వేకి విడిగా ఒకటి తెరిచి, ప్రాజెక్ట్ మొత్తానికి కాకుండా అది పిలవాల్సిన సర్వీసుల వరకే ఇన్వోకర్ ఇవ్వండి.