అరచేతిలో ఇమిడే విశాల పరిధి ఆసిలేటర్: ఏడీఎఫ్4351 బోర్డుపై సమీక్ష

అనలాగ్ డివైసెస్ సంస్థ తయారుచేసే ఏడీఎఫ్4351 చిప్‌ను అమర్చిన ఒక చిన్న సింథసైజర్ (కోరిన పౌనఃపున్యాన్ని పుట్టించే) బోర్డును కొంతకాలంగా రేడియో రిసీవర్‌కు లోకల్ ఆసిలేటర్‌గా, అంటే వచ్చే సంకేతంతో కలపడానికి కావలసిన తరంగాన్ని ఇచ్చే భాగంగా, వాడుతున్నాను. 35 మెగాహెర్ట్జ్ మొదలుకొని 4400 మెగాహెర్ట్జ్ వరకు కోరిన పౌనఃపున్యాన్ని అందించే ఈ చిప్ కొలతలు పొడవు 5 మిల్లీమీటర్లు, వెడల్పు 5 మిల్లీమీటర్లు మాత్రమే. ఇంత చిన్న చోట ఇంత పరిధి ఇచ్చారంటే ఫేజ్ నాయిస్ (కోరిన పౌనఃపున్యం చుట్టూ వ్యాపించే అవాంఛిత రొద) దగ్గర పెద్ద రాజీయే పడి ఉంటారని ఎవరికైనా అనుమానం కలుగుతుంది. వాడి చూశాక నా అభిప్రాయం ఏమిటంటే, ఆ అనుమానానికి చిప్ గట్టి సమాధానమే చెబుతుంది గానీ, దాన్ని మోస్తున్న బోర్డు చెప్పలేకపోతోంది.

చిప్ ఎందుకు మెచ్చుకోదగినదో అర్థం కావాలంటే ముందు లెక్క చూడాలి. దీని లోపలి ఆసిలేటర్ అసలు పరిధి 2200 నుంచి 4400 మెగాహెర్ట్జ్. అంతకు దిగువ పౌనఃపున్యాలన్నీ 2 నుంచి 64 వరకు ఉన్న డివైడర్లతో భాగించగా వచ్చేవే. పౌనఃపున్యం రెట్టింపు కావాలంటే, ఇండక్టర్ మారదు కాబట్టి, కెపాసిటెన్స్ నాలుగో వంతుకు తగ్గాలి. ట్యూనింగ్ వోల్టేజ్‌కు ఉన్న చోటు మాత్రం 0.5 నుంచి 2.5 వోల్టుల వరకే. ఈ భారమంతా ఒక్క వారాక్టర్ (వోల్టేజ్‌తో కెపాసిటెన్స్ మారే డయోడ్) మీదే వేస్తే, వోల్టుకు 1100 మెగాహెర్ట్జ్ చొప్పున పౌనఃపున్యం కదలాలి. ఆసిలేటర్‌ను స్థిరమైన రిఫరెన్స్ సంకేతంతో పోల్చి సరిదిద్దే వలయాన్ని లూప్ అంటారు, అందులో ట్యూనింగ్ వోల్టేజ్‌ను శుభ్రపరిచేది లూప్ ఫిల్టర్. అంత సున్నితమైన ఆసిలేటర్‌కు ఆ ఫిల్టర్‌లోని 1 కిలో ఓమ్ రెసిస్టర్ కూడా శత్రువే అవుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద ఆ రెసిస్టర్ పుట్టించే థర్మల్ నాయిస్ రూట్ హెర్ట్జ్‌కు సుమారు 4 నానోవోల్టులు. అది ఒక్కటే, వేరే ఏ లోపమూ లేకపోయినా, క్యారియర్‌కు (అసలు సంకేతానికి) 100 కిలోహెర్ట్జ్ దూరంలో హెర్ట్జ్‌కు సుమారు −90 డీబీసీ (క్యారియర్‌తో పోల్చిన డెసిబెల్స్, ఎంత దిగువకు పోతే అంత మంచిది) ఫేజ్ నాయిస్ తెచ్చిపెడుతుంది. ఆ స్థితిలో ఆసిలేటర్ కోర్‌ను ఎంత శ్రద్ధగా డిజైన్ చేసినా ప్రయోజనం ఉండదు.

ఏడీఎఫ్4351 డిజైనర్లు ఈ చిక్కును విప్పిన తీరు నాకు బాగా నచ్చింది. ఒక ఆసిలేటర్ బదులు మూడు కోర్లు పెట్టి, ఒక్కో కోర్‌ను ఒకదానిపై ఒకటి కొంత వ్యాపించే 16 బ్యాండ్లుగా విభజించారు. మొత్తం 48 బ్యాండ్లు. ఏ బ్యాండ్‌లో ఉండాలో చిప్ తనంతట తాను నిర్ణయించుకుంటుంది. వారాక్టర్‌కు మిగిలేది ఆ చిన్న బ్యాండ్‌లో సర్దుకునే పని మాత్రమే. అందువల్ల ట్యూనింగ్ సున్నితత్వం వోల్టుకు సుమారు 40 మెగాహెర్ట్జ్‌కు దిగివస్తుంది. పైన చెప్పిన అదే రెసిస్టర్ ఇప్పుడు 100 కిలోహెర్ట్జ్ దూరంలో కలిగించే నాయిస్ సుమారు −119 డీబీసీ. 2200 మెగాహెర్ట్జ్ వద్ద ఆసిలేటర్ సొంత నాయిస్‌గా డేటాషీట్ చెప్పే విలువ −114 డీబీసీ కాబట్టి, రెసిస్టర్ వాటా దానికి దిగువనే ఉండిపోతుంది. పరిధిని ఏమాత్రం తగ్గించకుండా సుమారు 29 డెసిబెల్స్ తెరిపి దొరికింది.

దీనికి మూల్యం లేకపోలేదు. పౌనఃపున్యం మార్చిన ప్రతిసారీ సరైన బ్యాండ్‌ను వెతుక్కోవడానికి చిప్‌కు బ్యాండ్ సెలెక్ట్ క్లాక్ సైకిళ్లు పది కావాలి. ఆ క్లాక్ 125 కిలోహెర్ట్జ్ అయితే 80 మైక్రోసెకన్లు, 500 కిలోహెర్ట్జ్ అయితే 20 మైక్రోసెకన్లు పడుతుంది, ఆ తర్వాతే లూప్ స్థిరపడటం మొదలవుతుంది. ఒకే చోట నిలిచి ఉండే రిసీవర్‌కు ఇది లెక్కలోకి రాదు గానీ, వేగంగా స్వీప్ చేయాల్సిన పరికరానికి మాత్రం ముందే ఆలోచించుకోవలసిన విషయం.

ఇంకొక పరిమితి భౌతికమైనది. 1966లో ఇంజనీర్ లీసన్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం రెసొనేటర్ క్యూ విలువ (అది శక్తిని ఎంత తక్కువగా పోగొట్టుకుంటుందో చెప్పే కొలత) రెట్టింపయితే ఫేజ్ నాయిస్ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. సిలికాన్ మీద గీసిన ఇండక్టర్ క్యూ విలువ, అయస్కాంత క్షేత్రంలో ఉంచిన యిగ్ (యిట్రియం ఐరన్ గార్నెట్ అనే స్ఫటికం) గోళం క్యూ విలువకు దరిదాపుల్లోకి కూడా రాదు. క్యారియర్‌కు అతి సమీపంలో బలహీన సంకేతాలను వెతకవలసిన కొలత పరికరాలకు యిగ్ ఆసిలేటర్ బరువునూ, దాని విద్యుత్ వినియోగాన్నీ భరించక తప్పదు.

ఇక బోర్డు సంగతి. తయారీదారు చిప్‌కు విద్యుత్తు ఇవ్వడానికి సాధారణమైన మూడు కాళ్ల లీనియర్ రెగ్యులేటర్‌ను వాడి, ఆసిలేటర్ పిన్నుకూ డిజిటల్ పిన్నుకూ అదే లైన్‌ను పంచిపెట్టారు. ఏడీఎఫ్4351లో సరఫరా వోల్టేజ్ ఒక వోల్టు మారితే ఆసిలేటర్ సుమారు 1 మెగాహెర్ట్జ్ కదులుతుంది. ఇది మంచి విలువే, అయినా రెగ్యులేటర్ నాయిస్ రూట్ హెర్ట్జ్‌కు 1 మైక్రోవోల్ట్ ఉంటే, లూప్ సహాయం లేనప్పుడు 10 కిలోహెర్ట్జ్ దూరంలో అది −83 డీబీసీ నాయిస్‌గా మారుతుంది. అక్కడ ఆసిలేటర్ సొంత నాయిస్ −89 డీబీసీ. అంటే చిప్ తయారీదారు కష్టపడి సాధించినదాన్ని చవక రెగ్యులేటర్ మింగేస్తోంది. లూప్ దీన్ని కొంత అణచినా, స్పెక్ట్రమ్ అనలైజర్ తెరపై క్యారియర్‌కు రెండు పక్కలా భుజాల్లా ఎత్తుగా నిలిచిన నాయిస్ స్పష్టంగా కనిపించింది. ఆసిలేటర్ పిన్నుకు వెళ్లే ట్రాక్‌ను కోసి, 10 కిలోహెర్ట్జ్ వద్ద రూట్ హెర్ట్జ్‌కు 2 నానోవోల్టుల నాయిస్ మాత్రమే ఉండే ఎల్‌టీ3045 రెగ్యులేటర్‌ను పెట్టిన తర్వాత ఆ భుజాలు దిగిపోయాయి. ఈ చిప్‌తో సొంతంగా బోర్డు గీయదలచినవారు ముందుగా శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇదేనని నా గట్టి నమ్మకం.

రెండో ఫిర్యాదు రిఫరెన్స్ మీద. బోర్డు మీద 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్ ఉంది. నాకు 2400.01 మెగాహెర్ట్జ్ కావలసి వచ్చింది. 25ను 96తో గుణిస్తే సరిగ్గా 2400 కాబట్టి, కావలసిన పౌనఃపున్యం ఆ గుణిజానికి 10 కిలోహెర్ట్జ్ దూరంలోనే పడింది. ఇంటీజర్ బౌండరీ స్పర్ (రిఫరెన్స్ గుణిజానికి దగ్గరగా పనిచేసినప్పుడు పుట్టే అవాంఛిత సంకేతం) కూడా క్యారియర్ నుంచి అంతే దూరంలో, లూప్ బ్యాండ్‌విడ్త్ లోపలే, నిటారుగా లేచి నిలబడింది. లూప్ ఫిల్టర్‌ను ఎంత మార్చినా దాన్ని తొలగించడం సాధ్యం కాదు. రిఫరెన్స్‌ను రెండుతోనో మూడుతోనో భాగించినా 2400 మళ్లీ గుణిజమే అవుతుంది గనుక ఆ దారీ మూసుకుపోయింది. బయటి నుంచి 26 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ ఇచ్చినప్పుడు సమీప గుణిజం 2392కు జరిగింది, స్పర్ 8 మెగాహెర్ట్జ్ అవతలకు పోయి ఫిల్టర్‌కు చిక్కింది. బయటి రిఫరెన్స్ కోసం కనెక్టర్ ఇచ్చారు గానీ, దాన్ని వాడాలంటే బోర్డు మీది క్రిస్టల్ ఆసిలేటర్‌ను సోల్డరింగ్ ఐరన్‌తో ఊడదీయాలి. ఒక చిన్న జంపర్ పెట్టి ఉంటే ఈ శ్రమ తప్పేది.

అవుట్‌పుట్ శక్తిని −4, −1, +2, +5 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్స్) అనే నాలుగు మెట్లలో ఎంచుకోవచ్చు. డయోడ్ మిక్సర్‌ను (రెండు సంకేతాలను కలిపే సర్క్యూట్‌ను) నడపడానికి చాలాసార్లు ఇంకొక యాంప్లిఫయర్ కావాలి. డివైడర్ వాడినప్పుడు ప్రతి సగానికీ ఫేజ్ నాయిస్ 6 డెసిబెల్స్ మెరుగవడం, తక్కువ పౌనఃపున్యాల్లో పనిచేసేవారికి అదనపు లాభం. అయితే అక్కడ వచ్చేది చతురస్ర తరంగం. ఆదర్శ చతురస్ర తరంగంలో మూడో హార్మోనిక్ (మూడు రెట్ల పౌనఃపున్యంలో వచ్చే భాగం) అసలు సంకేతం కన్నా 9.5 డెసిబెల్స్ మాత్రమే తక్కువ కాబట్టి, 145 మెగాహెర్ట్జ్ కోరినవారికి 435 మెగాహెర్ట్జ్ కూడా గట్టిగానే అందుతుంది. 35 నుంచి 4400 దాకా అంతటినీ శుభ్రపరిచే ఒకే ఫిల్టర్ ఉండదు. వాడుకునే ప్రతి భాగానికీ ఒక లో పాస్ ఫిల్టర్ చొప్పున పెట్టి, వాటిని స్విచ్‌లతో మార్చుకోవాలి. ఆ ఫిల్టర్లకు, స్విచ్‌లకు పట్టే స్థలం చిప్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, పరికరం పెట్టె కొలతలు నిర్ణయించేటప్పుడు ఈ బోర్డు సైజును మాత్రమే లెక్కలోకి తీసుకోకూడదు.