తాళాలు కుడి వైపా, దక్షిణం వైపా? ఏది మేలు?

మా అమ్మమ్మ ఇంట్లో కుడి, ఎడమ అనే మాటలు చేతులకే పరిమితం. మిగతాదంతా దిక్కులే. "ఉప్పు డబ్బా ఉత్తరం గూట్లో ఉంది", "కాస్త తూర్పుకి జరిగి కూర్చో", "పడమటి గదిలో చాప పట్రా". సెలవులకి వెళ్లిన మేము ఎటు జరగాలో తెలియక నవ్వులపాలయ్యేవాళ్లం.

పోయిన నెల ఫోన్లో మా ఆవిడకి "తాళాలు గుమ్మానికి కుడి పక్క సొరుగులో ఉన్నాయి" అని చెప్పాను. నేను ఇంట్లోంచి బయటికి చూస్తున్నట్టు ఊహించుకుని చెప్పాను. ఆమె బయటినుంచి లోపలికి వస్తూ కుడి పక్క వెతికింది. పావుగంట టెన్షన్. మాది తూర్పు గుమ్మం. "దక్షిణం సొరుగు" అని ఉంటే ఒక్క మాటతో అయిపోయేది. అయితే అమ్మమ్మ పద్ధతే మేలా?

ముందు కుడి, ఎడమల పక్షాన మాట్లాడాలి. వీటికి లెక్కేమీ అక్కర్లేదు, ఒంటితో పాటే వస్తాయి. బైకు బ్రేకుకి, గ్యాస్ పొయ్యి నాబుకి, చీకట్లో స్విచ్చుకి దిక్కులెందుకు? దిక్కులతోనే బతికే పల్లెలో కూడా నాగలి ఎద్దుల్ని దాపటెద్దు, వలపటెద్దు అనే అంటారు, అంటే ఎడమది, కుడిది. చాలు చివర మలుపు తిరిగిన ప్రతిసారీ దిక్కు మారిపోతుంది కాబట్టి "ఉత్తరపు ఎద్దు" అంటే దున్నకం సాగదు. ఒంటితో పాటు తిరిగేవాటికి ఒంటి లెక్కే సరి.

కదలని వాటి దగ్గరే చిక్కు. 1996లో పాకార్డ్, మెక్‌గా అనే పరిశోధకులు ప్లస్ గుర్తు ఆకారంలో దారులు కట్టి, ఎలుకల్ని రోజూ ఒకే వైపు నుంచి వదిలి, ఒకే కొసన తిండి పెట్టారు. ఎనిమిదో రోజు ఎదుటి వైపు నుంచి వదిలితే చాలావరకు తిండి ఉన్న చోటికే వెళ్లాయి. పదహారో రోజు అలాగే వదిలితే చాలావరకు అలవాటైన మలుపు తిరిగి తప్పు కొసకి చేరాయి. తమాషా ఏమిటంటే, మెదడులో కాడేట్ అనే భాగాన్ని మందుతో కాసేపు మొద్దుబార్చిన ఎలుకలు మాత్రం పదహారో రోజున కూడా చాలావరకు సరైన చోటికే వెళ్లాయి. చోటు మరిచిపోలేదన్నమాట, అలవాటు దాన్ని కప్పేసింది. ఇల్లు మారిన కొత్తలో అర్ధరాత్రి లేచి, స్విచ్చు లేని గోడని తడిమే మనం చేసేదీ అదే.

దిక్కుల పద్ధతిని కొసదాకా తీసుకెళ్లిన వాళ్లు ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ ఉత్తరాన ఉన్నారు. వాళ్ల భాష గూగు యిమిథిర్. కంగారూ అనే మాట ప్రపంచానికి వచ్చింది ఆ భాష నుంచే. అందులో మనిషి పక్కనున్న వస్తువుకి కూడా దిక్కే చెప్తారు. అక్కడి ఒక పెద్దాయన పడవ బోల్తా పడిన తన కథని రెండేళ్ల తేడాతో రెండుసార్లు చెప్తుంటే పరిశోధకులు వీడియో తీశారు. మొదటిసారి పడమరకి, రెండోసారి ఉత్తరానికి తిరిగి కూర్చున్నాడు. పడవ ఎటు తిరగబడిందో చేత్తో చూపించినప్పుడు మొదటిసారి చెయ్యి ముందుకి, రెండోసారి కుడి నుంచి ఎడమకి కదిలింది. రెండుసార్లూ తూర్పు నుంచి పడమరకే! నా పెళ్లి మండపం ఏ దిక్కుకి ఉందో నేను చెప్పలేను.

దీన్ని బట్టి భాషే మెదడుని దిద్దుతుందని స్టీఫెన్ లెవిన్సన్ లాంటి భాషా పరిశోధకులు వాదించారు. మెక్సికోలో త్సెల్తాల్ మాట్లాడేవాళ్లు మన ఎగువ, దిగువ లాంటి మాటలతో కొండ వాలుని బట్టి చోటు చెప్తారు. బల్ల మీద బొమ్మ జంతువుల్ని వరసగా పెట్టి చూపించి, మనిషిని వెనక్కి తిప్పి, ఇంకో బల్ల మీద అదే వరస పెట్టమంటే డచ్చి వాళ్లు ఎడమ కుడుల వరసని నిలబెట్టారు, త్సెల్తాల్ వాళ్లలో ఎక్కువమంది దిక్కుని నిలబెట్టారు. ఐతే 2002లో లీ, గ్లైట్‌మన్ ఇలాంటి పరీక్షే అమెరికన్లకి పెట్టి, చుట్టూ కనిపించేవి మారిస్తే వాళ్ల జవాబు కూడా మారుతుందని చూపించారు. నాకు ఈ రెండో మాటే నమ్మకంగా ఉంది. కిటికీలోంచి చెరువు కనిపించే ఇంట్లో దిక్కు తెలుస్తుంది, లిఫ్టు దిగి కారిడార్‌లో రెండు మలుపులు తిరిగితే తెలియదు. దిక్కుల పద్ధతికి కట్టాల్సిన వెల ఇదే. ఎక్కడున్నా, ఎటు తిరిగినా, మనసులో ఒక మూల లెక్క నడుస్తూనే ఉండాలి.

ఆ లెక్కకి కావాల్సిన సరంజామా మాత్రం అందరి తలలోనూ ఉంది. ఎలుక ఫలానా చోటికి రాగానే చురుకయ్యే కణాల్ని జాన్ ఓకీఫ్ అనే పరిశోధకుడు 1971లో మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగంలో చూశాడు. నేల మీద గళ్లు గీసినట్టు చోటుని కొలిచే కణాల్ని 2005లో మోసర్ దంపతులు చూపించారు. ముగ్గురికీ కలిపి 2014లో నోబెల్ వచ్చింది. వాడితే అది పెరుగుతుంది కూడా. లండన్ టాక్సీ లైసెన్సు కోసం చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్లలో ఉన్న దాదాపు 25,000 వీధులు నేర్చుకోవాలి. ఆ పరీక్ష పాసైనవాళ్ల హిప్పోక్యాంపస్ వెనక భాగం పెరిగిందని ఎలినార్ మగ్వైర్ బృందం చూపించింది.

ఇక మూడోది, మనం రోజూ వాడేది, గుర్తులు. హైదరాబాద్‌లో అత్తాపూర్ వైపు ఇల్లు చెప్పాలంటే పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరే అడ్రసు. కొత్తవాళ్లకి దీన్ని మించింది లేదు. కానీ గుర్తు నిలవాలి. "వేపచెట్టు దాటగానే" అని ఇప్పటికీ చెప్పేవాళ్లు మా కాలనీలో ఉన్నారు, చెట్టు కొట్టేసి చాలా ఏళ్లయింది.

నా ఓటు ఇలా పడుతుంది. చేతితో చేసే పనికి కుడి ఎడమలు. ఇంటికి రావాల్సిన చుట్టానికి గుర్తులు, అవీ పిల్లరు లాంటి కదలనివి. ఇంట్లో నలుగురూ వాడే వస్తువులకి మాత్రం దిక్కులే. దానికి కొత్తగా నేర్చుకోవాల్సింది కూడా పెద్దగా లేదు. ఫ్లాట్ కొనేటప్పుడు ఈస్ట్ ఫేసింగేనా అని పదిసార్లు అడుగుతాం, పొయ్యి ఆగ్నేయం, దేవుడు ఈశాన్యం అని పట్టుబడతాం. వాస్తుని నమ్మినా నమ్మకపోయినా ఇంటి పటం తలలో అప్పటికే గీసి ఉంది. గృహప్రవేశం అయ్యాక దాన్ని వాడడం మానేస్తాం, అంతే.

ఇప్పుడు నేను "దక్షిణం సొరుగు" అనే అంటున్నాను. మా ఆవిడ మాత్రం "చెప్పుల స్టాండు పైది" అంటుంది. ప్రస్తుతానికి ఇద్దరికీ తాళాలు దొరుకుతున్నాయి. పండక్కి ఇల్లు సర్దేటప్పుడు ఆ స్టాండు ఎటు జరుగుతుందో చూడాలి.