కూలి మనిషికి ఏది మేలు: ఆరోగ్యశ్రీ కార్డా, బస్తీ దవాఖానా?

కూకట్‌పల్లి లేబర్ అడ్డా మీద పని కోసం నిలబడే మనిషికి నలభై ఏళ్లకే షుగర్ వచ్చిందనుకోండి. మొదట్లో నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. కాస్త నీరసం, రాత్రిళ్లు మాటిమాటికీ లేవడం. ఇంత మాత్రానికే ఒక రోజు కూలి వదులుకుని దవాఖానకు ఎవరు పోతారు? మెడికల్ షాపులో బలానికని నాలుగు గోలీలు కొనుక్కుని మళ్లీ పనికే పోతాడు.

ఇలాంటి మనిషికి సర్కారు తరఫున ప్రధానంగా రెండు ఆసరాలున్నాయి. పేదల ఆస్పత్రి ఖర్చును సర్కారు భరించే ఆరోగ్యశ్రీ ఒకటి, 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. 2018లో హైదరాబాద్‌లో మొదలైన బస్తీ దవాఖానలు, అంటే బస్తీల్లోనే ఉండే చిన్న సర్కారు క్లినిక్‌లు, ఇంకొకటి. రెండూ కావాల్సినవే. కానీ ఖజానాలో ఇంకొంచెం డబ్బుంటే ముందు దేనికి పెట్టాలని అడిగితే, నేను దవాఖానకే అంటాను.

ఆరోగ్యశ్రీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. గుండె ఆపరేషన్ కోసం ఊళ్లో పొలం అమ్ముకోకుండా ఎన్నో కుటుంబాలు బయటపడ్డాయంటే ఆ కార్డు చలవే. 2023 డిసెంబరులో తెలంగాణలో చికిత్స ఖర్చు పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు కూడా. అయితే అది ప్రధానంగా పెద్ద జబ్బులకు, ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. నెలనెలా వేసుకునే షుగర్ గోలీలకు, బీపీ చూపించుకోవడానికి మామూలుగా అది అక్కరకు రాదు. అంటే మన కూలి మనిషికి ఆ కార్డు పలికేది కిడ్నీలు దెబ్బతిన్నాకే. డయాలసిస్‌కు డబ్బు కట్టనక్కర్లేదు, నిజమే. కానీ వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకునే మనిషికి కూలి పని ఎవరిస్తారు? తోడుగా వచ్చే భార్య నాలుగిళ్లలో పనిచేసే మనిషైతే, ఆ ఇళ్లూ ఒక్కొక్కటిగా పోతాయి. ఆస్పత్రి బిల్లు సర్కారు కడుతుంది. ఆగిపోయిన ఇంటి సంపాదన మాత్రం ఏ పద్దులోనూ కనపడదు.

అదే మనిషికి ఐదారేళ్ల ముందే షుగర్ సంగతి తెలిస్తే? ఒక డాక్టరు, ఒక నర్సు ఉండే బస్తీ దవాఖానలో చూసేది ఉచితం, రక్తం తీసేది ఉచితం. శాంపిల్ నారాయణగూడలోని సెంట్రల్ ల్యాబ్‌కు పోతుంది. మామూలు షుగర్, బీపీ గోలీలు అక్కడే ఇస్తారు. అన్నిటికన్నా పెద్ద మేలు, అది నడిచిపోయే దూరంలో ఉండటం. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయ్యాక గాంధీకో ఉస్మానియాకో పోవడానికి చార్జీ బెంగ తగ్గింది గానీ, అక్కడ ఓపీ లైన్‌లో గడిచిన పూట తిరిగి రాదు.

దవాఖానల్లో లోటు లేదని కాదు. సాయంత్రానికే మూసేయడం పెద్ద లోటు. అడ్డా మనిషి పని దిగి వచ్చేసరికి తాళం ఉంటుంది. అందుకే దవాఖాన వేళల్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు వెళ్లగలరు గానీ, పనికి పోయే మగవాళ్లకు కుదరదు. రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచడానికి ఇంకో డాక్టరుకు జీతమివ్వాలి, అంతే. మందులు అయిపోకుండా చూడటం కూడా అంతే అవసరం. రెండు సార్లు ‘గోలీలు లేవు’ అని తిప్పి పంపితే ఆ మనిషి మూడోసారి రాడు.

నల్లా నీళ్లలో మురుగు కలిసే బస్తీలకు ఈ రెండూ చాలవు. అక్కడ ముందు పైపులు మార్చాలి. అది వైద్య శాఖ ఒక్కదానితో అయ్యే పని కాదు.

ఇక ఒడిశా, బీహార్ నుంచి వచ్చి అపార్ట్‌మెంట్లు కట్టే కూలీల సంగతి. ఆరోగ్యశ్రీ రేషన్ కార్డుతో ముడిపడింది. ఇక్కడివాళ్లే కొత్త రేషన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు, ఇక వాళ్లకు ఎక్కడ దొరుకుతుంది? బస్తీ దవాఖానలో చూపించుకోవడానికి రేషన్ కార్డుతో పని లేదు. కొత్త దవాఖానలు పెట్టేటప్పుడు గచ్చిబౌలి, కొల్లూరు వైపు కూలీల రేకుల షెడ్లున్న చోట్లను ముందు చూడాలని, అక్కడ హిందీ, ఒడియా తెలిసిన నర్సును వేయాలని నా కోరిక.