పట్టుబడి ఆగకుండా డిస్కులు మార్చడం: లైనక్స్ ఎల్‌వీఎంతో నా అనుభవం

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సర్వర్లు చూసుకుంటాను. పట్టుబడులు, అంటే చెరువుల్లో రొయ్యలు పట్టడం, ఊపందుకున్నాక లారీలకు రాత్రీ పగలూ ఉండదు. కిలోకు ఎన్ని రొయ్యలో చెప్పే కౌంటు, తూకం, రైతు ఖాతా అప్పటికప్పుడు డేటాబేస్‌లోకి ఎక్కాలి. ఐసు కరిగిపోతుంటే ‘సర్వర్ ఆపాం, గంట ఆగండి’ అని రైతుతో ఎలా అంటాం? అందుకే ఏళ్లుగా డేటా అంతా లైనక్స్‌లో డిస్కుల జాగాను చూసుకునే ఎల్‌వీఎం (లాజికల్ వాల్యూమ్ మేనేజర్) మీదే ఉంచాను. ఆ నిర్ణయం సరైనదేనని ధైర్యంగా చెప్పగలను.

డిస్కులన్నిటినీ ఒక వాల్యూమ్ గ్రూపులో కలిపి, అందులోంచి కావలసినంత ‘వాల్యూమ్’లుగా కోసుకోవడమే దీని పద్ధతి. లోపల స్థలం ఎక్స్‌టెంట్లుగా, అంటే సమానమైన చిన్న ముక్కలుగా ఉంటుంది. మామూలుగా ఒక్కోటి 4 ఎంబీ. జాగా చాలకపోతే ఎల్‌వీఎక్స్‌టెండ్ ఆదేశానికి ‘ఆర్’ ఐచ్ఛికం జోడిస్తే వాల్యూమ్‌తో పాటు దాని మీద ఫైళ్లను అమర్చే ఫైల్ సిస్టమ్ కూడా పెరుగుతుంది. డేటాబేస్‌కు ఆ సంగతే తెలియదు.

నన్ను నిజంగా గెలుచుకున్నది మాత్రం డేటాను ఒక డిస్కు నుంచి మరో డిస్కుకు తరలించే పీవీమూవ్ ఆదేశం. పాత డిస్కుల జతను తీసేసి పెద్దవి పెట్టాల్సి వచ్చినప్పుడు కొత్త జతను వీజీఎక్స్‌టెండ్‌తో గ్రూపులో చేర్చి, పీవీమూవ్ నడిపాను. నీళ్లుండగానే చెరువు గట్టు మార్చినట్టు, వాల్యూమ్ వాడుకలో ఉండగానే డేటా పాత చోటి నుంచి కొత్త చోటికి వెళ్లిపోతుంది. ఒక్కో భాగానికి తాత్కాలికంగా అద్దం ప్రతి తయారుచేసి, రెండూ సమానమయ్యాక పాతదాన్ని వదిలేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా భయం లేదు: సర్వర్ లేచాక ఏ వివరాలూ ఇవ్వకుండా పీవీమూవ్ అని కొడితే, అంతవరకు నమోదైన చోటి నుంచి పని కొనసాగుతుంది. అయితే అది నడుస్తున్నంతసేపు డిస్కులు బరువెక్కుతాయి. లారీలు తక్కువగా ఉండే వేళ మొదలుపెట్టడం మేలు. పని పూర్తయ్యాక పాత జతను గ్రూపు నుంచి తప్పించడానికి వీజీరెడ్యూస్, దాని మీది ఎల్‌వీఎం గుర్తు చెరపడానికి పీవీరిమూవ్. ఆ తరువాత కూడా సీరియల్ నంబరు సరిచూడకుండా డిస్కు మీద చెయ్యి వేయను.

లోపాలూ ఉన్నాయి, వాటిని దాచను. పెంచడం ఎంత సులువో తగ్గించడం అంత కష్టం. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ను కుదించాలంటే అన్‌మౌంట్ చేయాల్సిందే, అంటే వాడుక ఆపాల్సిందే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌ను కుదించే ఆశే పెట్టుకోకండి. అందుకే వాల్యూమ్‌లకు మొదటే అంతా పంచిపెట్టను. గ్రూపులో కొంత ఖాళీగా ఉంచుతాను. స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో వాల్యూమ్ ఎలా ఉందో చూపే ప్రతి, తీయడానికీ ఆ ఖాళీయే ఆధారం. దాని విషయంలో చాలా జాగ్రత్త అవసరం: పాత పద్ధతి స్నాప్‌షాట్‌కు ఇచ్చిన జాగా నిండిపోతే అది చెల్లకుండా పోతుంది, పైగా ఉన్నంతకాలం రాతలు నెమ్మదిస్తాయి. బ్యాకప్ ముగియగానే తొలగించేస్తాను.

ఇంకొకటి, కొత్తవాళ్లు తరచూ పొరబడేది. రెండు డిస్కుల మీదుగా మామూలుగా పరిచిన వాల్యూమ్‌లో ఒక డిస్కు పోతే ఆ వాల్యూమ్ చెడినట్టే. దాన్ని ఎల్‌వీఎం తనంతట తాను కాపాడదు. మా దగ్గర కింద ఎండీ రైడ్ 1 జత (ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ రాసే లైనక్స్ ఏర్పాటు), దాని మీద ఎల్‌వీఎం. బ్యాకప్ వేరే యంత్రంలో ఉంటుంది. ఈటీసీ కింద ఎల్‌వీఎం డైరెక్టరీలో గ్రూపు వివరాల పాత ప్రతులు ఉంటాయి. వాటిని కూడా ఆ యంత్రానికి పంపుతాను. పొరపాటున గ్రూపు వివరాలు చెడితే వీజీసీఎఫ్‌జీరిస్టోర్ ఆదేశం ఆ ప్రతులతోనే దాన్ని తిరిగి నిలబెడుతుంది.