అమాయా సోలోనా, లేయ్‌రే ఉన్న బ్యాండా: ఏది మేలు?

లా ఓరెహా దె వాన్ గోగ్ పాటలు వినేవాళ్ళ మధ్య ఈ గొడవ ఎప్పటికీ తెగదు. స్పెయిన్‌లో సాన్ సెబాస్తియాన్ ఊరి బ్యాండ్ ఇది, 1996లో మొదలైంది, దాని గొంతు అమాయా మొంతేరో, నాలుగు ఆల్బమ్స్ దుమ్ము లేపాక 2007 చివర్లో సోలోగా పాడుకుంటానని బయటికొచ్చేసింది, మిగతా నలుగురూ టీవీ పాటల పోటీలో పాడిన లేయ్‌రే మార్తీనెస్‌ని తెచ్చుకున్నారు. 2008లోనే రెండు వైపుల నుంచీ ఆల్బమ్స్ వచ్చేశాయి, ఇంక పోలికలు మొదలు.

గొంతు విషయంలో నా ఓటు అమాయాకే. ఆ పసితనం, మాట చివర్లో ఆ చిన్న వణుకు ఇంకెవరికీ రాదు. సోలోగా పాడిన కియేరో సెర్ పాట పెద్ద హిట్టు, ఆ మొదటి సోలో ఆల్బమ్ ఇప్పటికీ ఆపకుండా వినేయొచ్చు. కానీ తర్వాత 2011, 2014, 2018లో వచ్చినవి తీస్కోండి, ఒక్కోదాంట్లో రెండు మూడు పాటలు బావుంటాయి, మిగతావి ఎటు పోతాయో మొదటి లైన్లోనే తెలిసిపోద్ది. బ్యాండ్‌లో షాబి సాన్ మార్తీన్, పాబ్లో బెనేగాస్ లాంటి రాసేవాళ్ళు పక్కనే ఉండేవాళ్ళు, ఆ లోటు నాకైతే బాగా తెలుస్తుంది.

లేయ్‌రేని మాత్రం జనం చాలా బాధపెట్టారు, ఏం పాడినా "అమాయా అయితేనా" అనేవాళ్ళే. ఒక్కసారి బ్యాండ్‌తో ఆమె పాడిన హువేవెస్ పాట వినండి. రోజూ ఒకే ట్రైన్‌లో ఎదురెదురుగా కూర్చునే ఇద్దరు, మాట్లాడాలంటే సిగ్గు, తీరా మాట కలిసిన రోజు 2004 మార్చి 11, మాడ్రిడ్ ట్రైన్లలో బాంబులు పేలిన రోజు. లేయ్‌రే ఎక్కడా ఏడుపు గొంతు పెట్టదు, కథ చెప్తున్నట్టే పాడుతుంది, ఆ తేదీ వచ్చేసరికి మనకి గొంతు పట్టేస్తుంది. అమాయా సోలోలో ఇంత బరువున్న పాట నాకు దొరకలేదు.

లైవ్‌లో పాత పాటలంటే మళ్ళీ అమాయానే, 2024 జూలైలో కొలంబియా సింగర్ కరోల్ జీ మాడ్రిడ్ షోలో వచ్చి బ్యాండ్ పాత పాట రోసాస్ పాడితే స్టేడియం మొత్తం ఊగిపోయింది. అదే ఏడాది అక్టోబర్‌లో లేయ్‌రే బయటికెళ్ళిపోయింది, 2025లో అమాయా తిరిగొస్తోందని ప్రకటించారు. నాకూ సంతోషమే, కానీ ఆ పదహారేళ్ళూ లేనట్టే మాట్లాడితే మాత్రం ఒప్పుకోను. కొత్తగా వినేవాళ్ళు ముందు లేయ్‌రే పాడిన 2008 బ్యాండ్ ఆల్బమ్ పెట్టుకోండి, తర్వాత అమాయా మొదటి సోలో.