ఆపదలో మార్చుకోవడానికని పదిహేనేళ్లుగా దాచిన సరుకు: ఏది చెల్లింది, ఏది చెల్లలేదు

2009 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు పాతబస్తీలోకి వచ్చేసరికి మేము ఇంటి యజమాని మేడ మీద ఉన్నాం. కింద మా వాటాలో నీళ్లు కిటికీ ఊచలు దాటిపోయాయి. నా భార్య చేతికి నాలుగు బంగారు గాజులు, నా జేబులో అప్పుడే తీసుకున్న జీతం. పక్క డాబా మీద ఒక పెద్దావిడ దగ్గర అటుకులు ఉన్నాయి, కిరోసిన్ స్టవ్వు ఉంది, పాలపొడికి ఏడుస్తున్న మనవడు ఉన్నాడు. లేనిది అగ్గి. వాళ్ల అగ్గిపెట్టెలన్నీ నానిపోయాయి.

వంద కాగితం చూపించాను. "డబ్బు నేనేం చేసుకోను నాయనా, అగ్గి ఉంటే ఇవ్వు" అంది.

అప్పట్లో సిగరెట్లు తాగేవాడిని కాబట్టి చొక్కా జేబులో పొడి అగ్గిపెట్టె ఉంది. పుల్లలు లెక్కపెడితే ఇరవై మూడు. పది ఆమెకిచ్చాను. వట్టి పుల్లలతో ఏం లాభం? పెట్టెకు రెండు వైపులా ఉండే గీత పట్టీల్లో ఒకటి జాగ్రత్తగా చింపి అదీ ఇచ్చాను. పిట్టగోడ మీదుగా గిన్నెడు అటుకులు, కాస్త బెల్లం వచ్చాయి. ఆ తర్వాతే ఇంట్లో ఒక ఇనుప ట్రంకుపెట్టె, దాని పక్కన రెండు డ్రమ్ములు వెలిశాయి. మా ఆవిడ దాన్ని "మీ పిచ్చి పెట్టె" అంటుంది. 2016 నోట్ల రద్దు, 2020 లాక్‌డౌన్ ఆ పెట్టెకు పరీక్షలు పెట్టాయి. ఆ అనుభవంతోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదట కొన్నది, అందరిలాగే, బంగారం. ఒక్కో గ్రాము నాణేలు, బ్యాంకులో, అందమైన ప్లాస్టిక్ అట్టలో. బ్యాంకు నాణెం అమ్ముతుంది కానీ తిరిగి కొనదని అమ్మబోయినప్పుడు గానీ నాకు తెలియలేదు. నగల దుకాణానికి వెళ్తే అట్ట చించి, కరిగించి చూసి, తరుగు తీసి లెక్క కట్టారు. పోనీ, ధర పెరిగింది కాబట్టి నష్టపోలేదు. కానీ నేను కొన్నది పెట్టుబడికి కాదు కదా. ఆపదలో ఎదుటివాడి దగ్గర గీటురాయి ఉండదు, తూకం ఉండదు, గ్రాము బంగారానికి చిల్లరగా ఇవ్వడానికి సరుకూ ఉండదు. ఆపద గడిచాక మాత్రం బంగారం బంగారమే. 2020 ఆగస్టులో రిజర్వు బ్యాంకు తనఖా బంగారం విలువలో 90 శాతం దాకా అప్పు ఇవ్వడానికి బ్యాంకులకు వెసులుబాటు ఇచ్చింది, 2021 మార్చి ఆఖరు వరకు. మా గాజులు అప్పుడు పనికొచ్చాయి, బియ్యానికి కాదు, అబ్బాయి ఫీజుకు. కొనేవాళ్లు హాల్‌మార్కు, దాని పక్కన అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే గుర్తింపు సంఖ్య ఉన్నది చూసి కొనండి. నా పాత గాజులకు అది లేదు, ప్రతిసారీ పరీక్షకు కూర్చోబెడతారు.

వెండి నాణేలు పది గ్రాములవి ఇరవై ఉన్నాయి. చిన్న లావాదేవీకి బంగారం కన్నా వెండి నయమని ఎక్కడో చదివి కొన్నాను. లాక్‌డౌన్‌లో కిరాణా కొట్టు అతనికి ఒకటి చూపిస్తే, నల్లబడిన నాణెం ముఖాన్ని బొటనవేలితో రుద్ది, "ఇది పూజలో పెట్టుకోండి సార్" అని వెనక్కి ఇచ్చాడు. సరుకు మాత్రం ఖాతాలో రాసుకున్నాడు. ఇరవై ఏళ్ల పరిచయానికి ఉన్న పరపతి ఆ నాణేనికి లేకపోయింది.

మా జిల్లావాళ్లకు ఇంకో ఆశ ఉంటుంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం వెతికేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా చిన్నాన్న కొడుకు దగ్గర అలా దొరికిన రాయి ఒకటి సిగరెట్ కాగితంలో ఉంది. వజ్రమో కాదో నేటికీ తేల్చుకోలేదు, తేలితే ఆశ పోతుందని భయం. ఆపదలో దానికి ఎవరు ధర కడతారు?

నోట్ల రద్దు కాలంలో పనిచేసింది నేను పెట్టెలో పెట్టినదేదీ కాదు, పిల్లవాడు చిల్లర దాచుకున్న ముంత. ఏటీఎంలో దొరికే రెండు వేల నోటుకు ఊళ్లో చిల్లర లేదు. ముంత పగలగొడితే వచ్చిన ఐదు రూపాయల బిళ్లలతో పాలు, కూరలు వారం నడిచాయి. ఆ అనుభవంతో పది రూపాయల బిళ్లలు డబ్బాడు పోగేశాను. ఇంతలో అవి చెల్లవని పుకారు పుట్టింది. చెల్లుతాయని రిజర్వు బ్యాంకు చెప్పినా ఆటోవాళ్లు తీసుకోలేదు. ఆ డబ్బా ఇంకా అలాగే ఉంది, తలుపు కొట్టుకోకుండా ఆపడానికి.

ఇక జొన్నలు. వీటి మీద నాకు మొదటి నుంచీ మమకారం. ఒకప్పుడు మన సీమ ఊళ్లలో కమ్మరికీ వడ్రంగికీ చాకలికీ కళ్లంలోనే మేర, అంటే పనికి కూలిగా గింజల వాటా, కొలిచి ఇచ్చేవారు. మిగిలినవి పాతరలో, అంటే నేలలో తవ్విన గింజల గొయ్యిలో, పోసి పూడ్చేవారు. పాతర తెరిచాక వెంటనే దిగకూడదని, లోపల చెడ్డగాలి ఉంటుందని, దీపం దింపి ఆరిపోతుందేమో చూడాలని మా తాత చెప్పేవాడు. నాకు పాతర లేదు కాబట్టి ప్లాస్టిక్ డ్రమ్ములో పోశాను. నాలుగు నెలలకు మూత తీస్తే ముక్క వాసన, గింజల నిండా చిల్లులు, పైన పిండిలా పొడి. ఎండ చాలలేదు. గింజ పంటి కింద టక్కున విరగాలి, మెత్తగా నలిగితే ఇంకో రోజు ఎండబెట్టాలి. ఇప్పుడు డాబా మీద రెండు మూడు రోజులు ఎండనిచ్చి, చల్లారాక, ఎండిన వేపాకు వరుసలుగా వేసి డ్రమ్ము నిండా నింపుతాను. ఖాళీ ఉంటే పురుగుకు గాలి దొరుకుతుంది. ఏటా పాతవి తినేసి కొత్తవి పోస్తాం.

2020 ఏప్రిల్‌లో మా వీధిని బారికేడ్లు పెట్టి మూసినప్పుడు నా రోజు వచ్చిందనుకున్నాను. ఎదురింటి చెల్లెమ్మ దగ్గర నూనె ఎక్కువుంది. శేరు జొన్నలు పట్టుకుని వెళ్లాను.

"పిండిమర మూశారు కదా అన్నా, నమలమంటారా?" అంది.

నిజమే. పదేళ్లు గింజ కాపాడాను కానీ దాన్ని పిండి చేసే దారి ఆలోచించలేదు. నూనె ఊరికే ఇచ్చింది, ఆ సంగతి వేరు. మరుసటి ఏడాది మా అత్తగారి ఊరి నుంచి తిరగలి తెప్పించాను. గంట తిప్పితే నలుగురికి రొట్టెల పిండి, రెండు రోజుల భుజం నొప్పి.

అసలు గెలిచింది మిషను సూదులు. మా ఆవిడకు కాళ్లతో తొక్కే కుట్టుమిషను ఉంది. 2012లో దుకాణం ఎత్తేస్తున్న ఒకతని దగ్గర సూదుల పొట్లాలు చవగ్గా వస్తే, 14, 16 నంబర్లవి కొని పెట్టెలో పడేశాను. లాక్‌డౌన్‌లో వీధంతా మాస్కులు కుట్టడం మొదలుపెట్టింది, మందపాటి మడతల దగ్గర సూదులు పుటుక్కున విరిగేవి, అమ్మే కొట్టు తెరిచి లేదు. మూడిళ్ల అవతల దర్జీ గోడ దగ్గర నిలబడి అడిగాడు. సూదిని వేళ్ల మధ్య తిప్పి, మొదలు ఒకవైపు చదునుగా ఉందో లేదో తడిమి చూసుకున్నాడు, గుండ్రటి మొదలుది అతని మిషనుకు పట్టదు. వాళ్ల అబ్బాయి కూరగాయల బండికి అనుమతి ఉంది. సూదికి అరకిలో టమోటాలు, కరివేపాకు ఊరికే. నెలలో పద్నాలుగు సూదులు అలా వెళ్లాయి. నూనె రాసిన కాగితంలో చుట్టి ఉంచితే ఇన్నేళ్లయినా ఒక్క దానికీ తుప్పు లేదు.

తక్కినవి క్లుప్తంగా. కొవ్వొత్తులు మన ఎండాకాలంలో దాచే వస్తువు కాదు, మే నెలలో తీస్తే పాముల్లా వంగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. టార్చి సెల్లులు కారి డబ్బాను తినేశాయి. ధర పడిపోయిందని మార్కెట్‌లో కొన్న యాభై కిలోల ఉల్లిగడ్డ బస్తా నెల తిరక్కుండా కుళ్లి, ఇరుగుపొరుగుతో మాటలు పడేలా చేసింది, మన ఖరీఫ్ గడ్డ నిల్వకు ఆగదు. బట్టల సబ్బులు, టీ పొడి బాగా చెల్లుతాయి, కానీ రెండూ ఒకే పెట్టెలో పెట్టకండి. మద్యం దాచమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఇంట్లో ఎంత ఉంచుకోవాలో చట్టం చెబుతుంది, అమ్మితే నేరం, పైగా ఒకసారి పుచ్చుకున్నవాడు తలుపు తట్టడం మానడు.

మొన్న పాతబట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె వీధిలోకి వచ్చింది. ఊళ్లో మిగిలిన మార్పిడి వ్యాపారం ఆమెదే, ఆమె చేత లెక్క కట్టిద్దామని పెట్టె వరండాలోకి లాగి తెరిచాను. వెండి నాణెం చేతిలోకి తీసుకుని, "ఇది నిజమో కాదో నాకెట్లా తెలుస్తుంది సార్" అని పెట్టేసింది. సూదులు చూసింది, ఊ అనలేదు. జొన్నలు తమ ఇంట్లోనే ఉన్నాయంది. తర్వాత మూత వేసి, వేలి కణుపుతో పెట్టెను రెండు వైపులా కొట్టి చూసి, అడుగు తిరగేయించింది.

"పాత కాలం రేకు, గట్టిది. ఈ పెట్టె ఇస్తే రెండు గిన్నెలు, ఒక మూకుడు ఇస్తాను."

లోపలి నుంచి మా ఆవిడ అప్పటికే ఖాళీ గోనెసంచి తీసుకొస్తోంది, సామాను అందులోకి సర్దడానికి.