పాత కంప్యూటర్‌కి 4 టీబీ హార్డ్ డిస్క్ కొంటున్నారా? జర ఆగి నాకైంది చదవండి

ఫొటో స్టూడియోల వాళ్లు, వీడియో మిక్సింగ్ చేసే తమ్ముళ్లు, ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఇంకా నడుస్తోంది కదా దానికే పెద్ద డిస్క్ వేయిద్దాం అనుకునేవాళ్లు, ఇది మీకోసమే. పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి. పదిహేడు పెళ్లిళ్ల వీడియోలు ఒక్క క్లిక్‌తో ఆగమైన తర్వాత రాస్తున్నా.

నాది నల్లగొండలో చిన్న స్టూడియో. కంప్యూటర్ 2010లో కొన్నది. విండోస్ 7, 64 బిట్, స్టార్ట్ చేస్తే నీలం తెర మీద తెల్లక్షరాల బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) వచ్చే రకం. లోపల 500 జీబీ డిస్క్. ఈ రోజుల్లో ఒక్క పెళ్లికే రెండు కెమెరాలు, హల్దీ, మంగళస్నానం, ముహూర్తం, అప్పగింతలు, రిసెప్షన్ అన్నీ కలిపి రెండు వందల జీబీ దాటుతోంది. మాఘమాసం ముహూర్తాలకు ముందే ఒక 4 టీబీ డిస్క్ వేయించుకుందామని టౌన్లో ఒక షాపుకి పోయాను. షాపు పేరు రాయను. రాస్తే గొడవ, పైగా ఈ తప్పు చేసేది ఆ ఒక్క షాపే కాదని తర్వాత తెలిసింది.

డిస్క్ తొమ్మిది వేల చిల్లర. బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ పడుతది అన్నా, నీ ఇష్టం" అన్నాడు. వద్దన్నాను. మొదటి తప్పు నాదే, ఒప్పుకుంటున్నా.

నా క్యాబినెట్ అక్కడే ఉంది, డిస్క్ బిగించాడు. విండోస్‌లో డిస్క్‌ని ముక్కలు చేసే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే ఎంబీఆర్ కావాలా జీపీటీ కావాలా (ఏ ముక్క ఎక్కడుందో డిస్క్ మీద రాసుకునే రెండు పద్ధతులు ఇవి) అని చిన్న పెట్టె వస్తుంది కదా, అందులో పైన ఉన్నది ఎంబీఆర్, అది అలాగే ఉంచి ఓకే కొట్టాడు. చదవను కూడా చదవలేదు. అప్పుడు 3726 జీబీలో 2048 ఒక ముక్కగా, 1678 ఇంకో ముక్కగా వచ్చింది. మొదటి ముక్క ఫార్మాట్ అయింది. రెండోదాని మీద రైట్ క్లిక్ చేస్తే 'న్యూ సింపుల్ వాల్యూమ్' అన్న లైన్ బూడిద రంగులో పడి ఉంది, నొక్కితే ఏమీ కాదు.

"మిగిలింది ఏదిరా తమ్మీ?" అన్నాను.

"పాత బోర్డు అన్నా, రెండు టీబీల కంటే ఎక్కువ ఎత్తదు. గిట్ల కాదు గానీ దీనికో బాక్స్ ఉంది, యూఎస్‌బీకి పెడితే మొత్తం వస్తది."

పన్నెండు వందలు పెట్టి ఆ డబ్బా కొన్నాను. ఎప్పటి నుంచో అల్మారాలో పడి ఉన్న పాత స్టాక్, అట్ట పెట్టె మీద దుమ్ము తుడిచి ఇచ్చాడు. డిస్క్ అందులో పెట్టి యూఎస్‌బీకి తగిలించి, పాత ముక్క తీసేసి మళ్లీ ఫార్మాట్ చేస్తే నిజంగానే 3.63 టీబీ ఒకే డ్రైవ్‌గా వచ్చింది. పిల్లగాడు హుషారున్నోడే అనుకుంటూ ఇంటికి వచ్చాను.

(4 టీబీ కొంటే 3.63 చూపించడం మోసం కాదు, దాని మీద కొట్లాడకండి. కంపెనీ వెయ్యితో లెక్కగడుతుంది, విండోస్ 1024తో లెక్కగడుతుంది, అంతే తేడా.)

మూడు నెలలు బాగానే నడిచింది. మాఘం, ఫాల్గుణం పెళ్లిళ్లన్నీ అందులోకే ఎక్కించాను. చోటు ఉంది కదా అన్న ధైర్యంతో మెమరీ కార్డులు ఎప్పటికప్పుడు ఖాళీ చేసి మళ్లీ వాడుకున్నాను. బాధల్లా స్పీడే. మా కంప్యూటర్‌ది పాత యూఎస్‌బీ 2.0, సెకనుకి ముప్పై ఎంబీ వస్తే గొప్ప. టైమ్‌లైన్ మీద జరిపితే వీడియో ఆగి ఆగి పోతోంది, పంతులుగారి మంత్రం ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. వైశాఖం ముహూర్తాలు వచ్చేలోపు ఇదంతా ఎడిట్ చేయాలంటే కాదని, ఒక రోజు రాత్రి నాలుగు స్క్రూలు ఊడదీసి, డిస్క్‌ని డబ్బాలోంచి బయటికి తీసి నేరుగా క్యాబినెట్లో సాటా కేబుల్‌కి, అంటే డిస్క్‌ని బోర్డుకి కలిపే తీగకి, పెట్టాను. డిస్క్ అదే, కంప్యూటర్ అదే, ఏమవుతుందిలే అనుకున్నాను.

ఆన్ చేయగానే 'డ్రైవ్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి' అని మెసేజ్. గుండె జారింది. దేవుడి దయ వల్ల క్యాన్సిల్ కొట్టాను. డిస్క్ మేనేజ్‌మెంట్లో చూస్తే 465 జీబీ, పక్కన రా (RAW, అంటే విండోస్‌కి చదవడం రానిది) అని ఉంది, మిగతాదంతా ఖాళీ స్థలమట. 3726 జీబీ 465 ఎట్లయింది?

ఇక్కడే నేను రెండో తప్పు చేశాను. ఆ డిస్క్‌ని మళ్లీ అదే డబ్బాలో పెట్టి చూడాల్సింది. పెట్టి ఉంటే మొత్తం డేటా చెక్కుచెదరకుండా కనిపించేది. ఆ సంగతి తెలియక తెల్లారే క్యాబినెట్ స్కూటీ ముందర పెట్టుకుని అదే షాపుకి పోయాను. డబ్బా మాత్రం నా టేబుల్ మీదే ఉండిపోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

పిల్లగాడు చూసి "పార్టిషన్ కరప్ట్ అయిందన్నా. ఏం గాదు, మళ్లా చేసి, సాఫ్ట్‌వేర్ పెట్టి డేటా లాగుత" అన్నాడు. "డేటా పోతదేమో చూడు తమ్మీ" అంటుండగానే డిలీట్ కొట్టాడు, ఈసారి జీపీటీ పెట్టాడు, క్విక్ ఫార్మాట్ చేశాడు. పది సెకన్లు పట్టలేదు. చూడండి, 3.63 టీబీ మొత్తం వచ్చింది! అదే పాత బోర్డు మీద, డబ్బా లేకుండా, నేరుగా సాటా కేబుల్ మీద. అంటే మొదటి రోజు ఆ చిన్న పెట్టెలో రెండో చుక్క నొక్కి ఉంటే పన్నెండు వందల డబ్బా అక్కర్లేదు, ఈ కథే లేదు. నాకు ఏడవాలో నవ్వాలో అర్థం కాలేదు.

లోపల జరిగింది ఏమిటో తర్వాత సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో డేటా రికవరీ చేసే పెద్దమనిషి విడమరిచి చెప్పాడు, నాకు అర్థమైనట్టు రాస్తున్నా. పార్టిషన్ అంటే డిస్క్‌లో ఒక ముక్క, పార్టిషన్ టేబుల్ అంటే మన పొలానికి పహాణీ లాంటిది. ఏ ముక్క ఎక్కడ మొదలవుతుంది, ఎంత ఉంది అని రాసి ఉంటుంది. డిస్క్‌ని మామూలుగా 512 బైట్ల చిన్న చిన్న గడులుగా లెక్కగడతారు. ఎంబీఆర్ పాతకాలం పహాణీ, అందులో గడి నంబర్ రాసే కాలమ్‌కి 32 బిట్లే జాగా, అంటే 429 కోట్ల చిల్లర గడులు. దాన్ని 512తో గుణిస్తే రెండు టీబీల దగ్గర లెక్క ఆగిపోతుంది. భూమి ఇంకా ఉంది గానీ కాగితం మీద రాయడానికి జాగా లేదు, అందుకే ఆ 1678 జీబీ బీడు పడింది. జీపీటీలో ఆ కాలమ్ 64 బిట్లు, ఇప్పుడు దొరికే ఏ డిస్క్‌కైనా సరిపోయి మిగులుతుంది.

మరి ఆ డబ్బా ఎట్లా చూపించింది అంటే, విండోస్ ఎక్స్‌పీ వాడేవాళ్లు ఇంకా చాలామంది ఉన్న రోజుల్లో, ఎక్స్‌పీకి జీపీటీ తెలియదు కాబట్టి, కొన్ని యూఎస్‌బీ డబ్బాల వాళ్లు ఒక ఉపాయం చేశారు. డిస్క్ గడి 512 బైట్లే అయినా కంప్యూటర్‌కి మాత్రం 4096 అని చెబుతాయి అవి. గడి ఎనిమిది రెట్లు పెద్దదైతే గడుల సంఖ్య తగ్గుతుంది, పాత ఎంబీఆర్ పహాణీలోనే 16 టీబీల దాకా పడుతుంది. బాగానే ఉంది, కానీ డిస్క్ ఆ డబ్బాలో ఉన్నంతసేపే. బయటికి తీసి సాటాకి పెడితే కంప్యూటర్ అదే కాగితాన్ని 512 లెక్కన చదువుతుంది. ఎకరాల్లో రాసుకున్న పహాణీని గుంటలనుకుని చదివినట్టు. 3726ని 8తో భాగించండి, 465 వస్తుంది. ఏదీ కరప్ట్ కాలేదు, డేటా అంతా ఎక్కడిదక్కడే ఉంది, చదివే కొలత మారిందంతే. ఆ పిల్లగాడికి ఇది తెలియదు, తెలియదని ఒప్పుకోలేదు.

క్విక్ ఫార్మాట్ వీడియోలను చెరపలేదు. కానీ ఏ ఫైల్ పేరేంటి, దాని ముక్కలు ఎక్కడెక్కడున్నాయి అని రాసుకునే జాబితా ఉన్న చోటే కొత్త జాబితా మొదలుపెట్టింది. రికవరీకి పద్నాలుగు వేలు అయింది, పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రానికి రావడం, అట్లా నాలుగు సార్లు తిరిగాను. చాలా భాగం వచ్చింది, కానీ పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు. ఫైల్ 00417, ఫైల్ 00418 అని వేలల్లో. ఒక్కోటి తెరవాలి, పెళ్లికూతురు ముఖం చూడాలి, ఇది ఎవరి పెళ్లో గుర్తుపట్టాలి. మేకప్‌లో అందరూ ఒకేలా ఉన్నారు, చివరికి పందిరి మీద పూల రంగు, స్టేజీ వెనక రాసిన పేర్లు చూసి వేరు చేశాను. పదిహేడింట్లో తొమ్మిది అప్పటికే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేశాను కాబట్టి బతికాను. మిగిలిన ఎనిమిదింట్లో రెండు పెళ్లిళ్ల పెద్ద ఫైళ్లు తెరుచుకోవడం లేదు. ఒకరిది చండూరు వైపు, సరిగ్గా జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ఉన్న ఫైలే లేదు. అమ్మాయి నాన్న ఫోన్ చేసి తిట్టలేదు. "ఏమన్నా దొరికితే చెప్పు బిడ్డా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

షాపు ఓనర్ దగ్గరికి పోతే "డిస్క్‌కే వారంటీ, డేటాకి ఎవరిస్తరన్నా" అన్నాడు. అది నిజమే, ఏ కంపెనీ వారంటీలోనూ డేటా ఉండదు. కానీ నేను అడిగింది డిస్క్ గురించి కాదు, అడగకుండా ఫార్మాట్ కొట్టిన చెయ్యి గురించి. చివరికి ఒక 64 జీబీ పెన్‌డ్రైవ్ ఫ్రీగా ఇస్తానన్నాడు. అక్కడే పెట్టి వచ్చాను. ఒక్క మాట న్యాయంగా చెప్పాలి, డిస్క్ మాత్రం కొత్తదే ఇచ్చాడు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పవర్ ఆన్ అవర్స్ చూసుకున్నాను, నేను వాడిన గంటలే ఉన్నాయి. మీరు కొన్న రోజే అది చూసుకోండి, కొత్తదని ఇచ్చిన దాంట్లో వేల గంటలు కనిపిస్తే అది వాడేసినదే, సీసీ కెమెరాల డబ్బాలోంచో సర్వర్‌లోంచో తీసినది కావచ్చు.

వినియోగదారుల కమిషన్‌కి పోదామని అడిగితే 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదన్నారు, జాతీయ హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. నా దగ్గర ఉన్నది ఫోన్లో డబ్బులు కొట్టిన స్క్రీన్‌షాట్ మాత్రమే, ఏం కొన్నానో అందులో లేదు. బిల్లు కోసం ఆ 18 శాతం పెట్టండి, డిస్క్ సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించుకోండి.

పాత కంప్యూటర్‌కి పెద్ద డిస్క్ వేసేవాళ్లకి నేను నేర్చుకున్నది చెబుతా. విండోస్‌ని పాత చిన్న డిస్క్ మీదే ఉంచండి, లేదంటే చిన్న ఎస్ఎస్‌డీ మీద పెట్టండి. పాత బయోస్ మీద విండోస్ జీపీటీ డిస్క్ నుంచి బూట్ కాదు, దానికి కొత్త బోర్డుల్లో బయోస్ బదులు వచ్చే యూఈఎఫ్ఐ కావాలి. కానీ డేటా కోసం అయితే విండోస్ విస్టా నుంచి ఇటువైపు అన్నీ జీపీటీ డిస్క్‌ని చదువుతాయి, బోర్డు పాతదైనా సరే. బిల్లింగ్ కోసం ఇంకా 32 బిట్ ఎక్స్‌పీ మీదే నడిపేవాళ్లు ఉన్నారు, మిర్యాలగూడలో మా సోపతి ఒకడున్నాడు, వాళ్లు 2 టీబీ దాటి కొనకపోవడమే మంచిది. జీపీటీ పెట్టాక కూడా 4 టీబీ డిస్క్ మొత్తంగా 1678 అనో, 3 టీబీది 746 అనో చూపిస్తే అది పాత స్టోరేజ్ డ్రైవర్ (విండోస్‌ని డిస్క్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) పని, డ్రైవర్ మార్చేదాకా దాంట్లో ఒక్క ఫైల్ కూడా వేయకండి. రెండు టీబీలు దాటిన లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైతే కొత్త ఫైల్ పోయి మొదట్లో ఉన్న దాని మీద కూర్చుంటుంది.

ఎంబీఆర్ నుంచి జీపీటీకి మార్చాలంటే డిస్క్ మేనేజ్‌మెంట్లో డిస్క్ ఖాళీగా ఉండాలి, కాబట్టి ఒక్క ఫైల్ ఎక్కించక ముందే, షాపులోనే, మీ కంప్యూటర్ మీదే చేయించండి. వాళ్ల కంప్యూటర్లో చేసి తెచ్చిస్తానంటే వద్దనండి. డబ్బాలో పార్టిషన్ చేసిన డిస్క్‌ని డబ్బాలోనే వాడండి, బయటికి తీయాల్సి వస్తే ముందు డేటా వేరే చోటికి కాపీ చేసుకోండి. నేనిప్పుడు ఇంకో డిస్క్ కొని ప్రతి పెళ్లీ రెండు చోట్ల పెడుతున్నా. అప్పు చేసి కొన్నా.

ఆ పన్నెండు వందల డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది, పారేయలేదు. నల్లగొండ చుట్టుపక్కల ఎవరికైనా డబ్బాలోంచి తీసిన డిస్క్ సాటాకి పెడితే ఎనిమిదో వంతే కనిపించి ఫార్మాట్ అడుగుతుంటే, ఏదీ నొక్కకండి, షాపుకి కూడా తీసుకుపోకండి. కామెంట్ పెట్టండి, మధ్యాహ్నం రెండు తర్వాత స్టూడియోలోనే ఉంటా, ఇందులో పెట్టి చూద్దాం.